పట్టా లేని మనిషి, హరిత విద్యుత్తు: కంపెనీల బాధ్యతపై ఒక సమీక్ష

చర్చ ఎక్కడ చిక్కుపడింది

బొగ్గు తగ్గాలి, ఎండా గాలీ ఇచ్చే కరెంటు పెరగాలి అన్న మాట మీద ఇప్పుడు పెద్దగా పేచీ లేదు. 2030 నాటికి శిలాజేతర వనరుల నుంచి 500 గిగావాట్ల సామర్థ్యం, 2070 నాటికి నికర శూన్య ఉద్గారాలు సాధిస్తామని భారతదేశం 2021లో గ్లాస్గో సదస్సులో ప్రకటించింది. 2025 నాటికి దేశ స్థాపిత విద్యుత్ సామర్థ్యంలో సగం శిలాజేతర వనరులదే అయింది. అయినా 2024లో ఉత్పత్తి అయిన కరెంటులో 70 శాతానికి పైగా బొగ్గు నుంచే వచ్చింది. అంటే మార్పు మొదలైంది, అసలు బరువు ఇంకా ముందుంది.

ఆ బరువు ఎవరి మీద పడుతుందన్న దగ్గరే పేచీ. సోలార్ పార్కు కిందికి పోయిన చేలో కౌలు చేసుకునే రైతుకు ఎవరు జవాబుదారీ? గని మూతపడితే అందులోని కాంట్రాక్టు కార్మికుడి బతుకు ఎవరి పూచీ? కాంగోలో కోబాల్టు తవ్వే పిల్లవాడికీ, ఆ కోబాల్టుతో చేసిన బ్యాటరీని అమ్ముకునే కంపెనీకీ మధ్య చట్టం గుర్తించే సంబంధం ఏమైనా ఉందా? ప్రభుత్వం అనుమతి ఇచ్చి భూమి అప్పగించాక కంపెనీని నిలదీయడం న్యాయమేనా?

ఈ ప్రశ్నలకు కార్మిక సంఘాల జవాబు ఒకటి, న్యాయ నిపుణులది ఒకటి, ఆదివాసీ ఉద్యమాలది మరొకటి. పెట్టుబడిదారుల లెక్క వేరే. అందరూ ‘న్యాయమైన పరివర్తన’ అనే అంటున్నారు, కానీ ఒకరు ఉద్యోగాల గురించి, మరొకరు భూమి గురించి, ఇంకొకరు నివేదికల గురించి మాట్లాడుతున్నారు. ఈ వ్యాసం ఆ వాదాలను వరుసలో పెట్టి, ఏది ఎంతవరకు తేలిందో, ఏది తేలలేదో చూస్తుంది. తూచడానికి ఒకే కొలమానం వాడుతుంది: పట్టా గానీ, పర్మనెంటు ఉద్యోగం గానీ, చేతిలో ఏ కాగితమూ లేని మనిషికి ఆ వాదం ఏమిస్తుంది?

రెండు పాయల చరిత్ర

ఈ చర్చ రెండు వేర్వేరు చోట్ల పుట్టింది. మొదటి పాయ కార్మిక ఉద్యమానిది. అమెరికాలో చమురు, రసాయన, అణు కార్మికుల సంఘం నాయకుడు టోనీ మజోకీ 1990ల తొలినాళ్లలో ఒక వాదన ముందుకు తెచ్చాడు. ప్రకృతికి, ప్రజల ఆరోగ్యానికి చెరుపు చేసే పరిశ్రమను మూసేయాల్సిందే, అయితే ఆ మూసివేత ఖర్చును కార్మికుడి జీతం మీద రుద్దకూడదన్నది ఆయన మాట. విషపూరిత స్థలాలను శుభ్రం చేయడానికి నిధి పెట్టినప్పుడు మనుషుల కోసం ఎందుకు పెట్టరని ఆయన అడిగాడు. ఆ ఆలోచన అంతర్జాతీయ కార్మిక సంఘాల చేతుల మీదుగా సాగి, 2015లో అంతర్జాతీయ కార్మిక సంస్థ మార్గదర్శకాల్లోకీ, అదే ఏడాది పారిస్ ఒప్పందం పీఠికలోకీ చేరింది. 2018లో పోలండ్ బొగ్గు సీమలోని కటోవిత్సెలో జరిగిన వాతావరణ సదస్సు దీని మీద ప్రత్యేక ప్రకటన చేసింది.

రెండో పాయ వ్యాపార సంస్థలు, మానవ హక్కులకు సంబంధించినది. బహుళజాతి కంపెనీలకు నియమావళి రాయాలని ఐక్యరాజ్యసమితిలో 1970లలో మొదలైన ప్రయత్నం 1990ల తొలినాళ్లకు ఆగిపోయింది. ఈలోగా 1984 డిసెంబరులో భోపాల్ విషాదం జరిగింది. తల్లి కంపెనీ ఒక దేశంలో, బాధితులు మరో దేశంలో ఉంటే న్యాయం ఎంత దూరమవుతుందో అది ప్రపంచానికి చూపింది. 1989లో 47 కోట్ల డాలర్లకు కుదిరిన పరిష్కారం బాధితులకు నేటికీ మింగుడుపడలేదు. 2000లో ఐరాస గ్లోబల్ కాంపాక్ట్ పేరుతో స్వచ్ఛంద ప్రతిజ్ఞల దారి పట్టింది. కంపెనీలకు నేరుగా బాధ్యతలు కట్టబెట్టేలా 2003లో వచ్చిన ముసాయిదాను ప్రభుత్వాలూ, వ్యాపార వర్గాలూ కలిసి పక్కన పెట్టేశాయి.

ఆ ప్రతిష్టంభనలోంచి బయటపడేందుకే 2005లో జాన్ రగ్గీని ఐరాస ప్రత్యేక ప్రతినిధిగా నియమించారు. ఆయన రూపొందించిన 31 మార్గదర్శక సూత్రాలను 2011 జూన్‌లో మానవ హక్కుల మండలి ఏకగ్రీవంగా ఆమోదించింది. వాటి సారం మూడు మాటల్లో చెప్పుకోవచ్చు: హక్కులను కాపాడే విధి రాజ్యానిది, వాటిని గౌరవించే బాధ్యత కంపెనీది, హాని జరిగితే పరిహారం దొరికే దారి ఇద్దరూ చూపాలి. కంపెనీ తన పని వల్లా, తన సరఫరాదారుల పని వల్లా ఎవరికి హాని కలుగుతుందో ముందే వెతకాలి, ఆపాలి, లెక్క చెప్పాలి. దీన్నే ఇక్కడ ముందస్తు పరిశీలన అందాం. ఈ సూత్రాల్లో కీలకమైన మాట మరొకటుంది. స్థానిక చట్టం పట్టించుకోకపోయినా, ప్రభుత్వం తన విధి నిర్వర్తించకపోయినా కంపెనీ బాధ్యత కంపెనీదే. ‘మాకు అనుమతులన్నీ ఉన్నాయి’ అన్న జవాబు చాలదని దీని అర్థం.

ఈ రెండు పాయలూ చాలాకాలం కలవలేదు. మొదటిది మూతపడే పరిశ్రమను చూసింది, రెండోది పరుగుతీసే కంపెనీని చూసింది. హరిత విద్యుత్తులో రెండూ ఒకేచోట ఎదురయ్యాయి. నేటి గందరగోళానికి మూలం అదే.

స్వచ్ఛందం నుంచి చట్టం దాకా, మళ్లీ వెనక్కి

2013 ఏప్రిల్‌లో బంగ్లాదేశ్‌లో రాణా ప్లాజా కూలి 1,100 మందికి పైగా దుస్తుల కార్మికులు చనిపోయాక స్వచ్ఛంద ప్రతిజ్ఞల మీద నమ్మకం సడలింది. 2017లో ఫ్రాన్స్ పెద్ద కంపెనీలకు ముందస్తు పరిశీలనను చట్టంతో తప్పనిసరి చేసింది. జర్మనీ చట్టం 2023 నుంచి అమల్లోకి వచ్చింది. 2024లో యూరోపియన్ యూనియన్ మొత్తానికీ ఒక ఆదేశం వచ్చింది. అయితే పోటీతత్వం దెబ్బతింటుందన్న ఒత్తిడితో 2025లోనే దాని అమలు గడువును వెనక్కి జరిపి, పరిధిని కుదించే సవరణలకు పూనుకున్నారు. కంపెనీలను కట్టడి చేసే అంతర్జాతీయ ఒప్పందం కోసం ఈక్వెడార్, దక్షిణాఫ్రికా 2014లో ఐరాసలో తెచ్చిన తీర్మానానికి భారతదేశం ఓటు వేసింది. ఆ ఒప్పందం మీద చర్చలు ఏళ్ల తరబడి సాగుతున్నాయి.

మన దేశం పట్టిన దారి వేరు. 2013 కంపెనీల చట్టం పెద్ద కంపెనీలను లాభాల్లో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయమంది. 2019లో బాధ్యతాయుత వ్యాపారంపై తొమ్మిది సూత్రాల జాతీయ మార్గదర్శకాలు వచ్చాయి. అందులో ఐదోది మానవ హక్కుల గురించి. 2022-23 నుంచి మార్కెట్ విలువలో మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలు ఈ అంశాలపై ఏటా నివేదిక ఇవ్వాలని సెబీ తప్పనిసరి చేసింది. ఇక్కడ ఒక తేడా గమనించాలి. సామాజిక బాధ్యత ఖర్చు అంటే లాభం వచ్చాక బడి కట్టించడం. హక్కుల బాధ్యత అంటే ఆ లాభం ఎలా వచ్చిందో జవాబు చెప్పడం. మొదటిది రెండోదానికి బదులు కాదు. నివేదిక ఇవ్వడం కూడా హానిని ఆపడంతో సమానం కాదు.

నాలుగు వాదాలు

*వేగమే న్యాయం.* వాతావరణ సంక్షోభమే అన్నిటికంటే పెద్ద హక్కుల ఉల్లంఘన అని మొదటి వాదం. 2015 మే నెల వడగాల్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో రెండు వేల మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది ఎండలో పనిచేయక తప్పని పేదలు, వృద్ధులు. బొగ్గు పొగ మింగే ప్రాణాల లెక్క వేరే. కాబట్టి సోలార్, పవన ప్రాజెక్టులకు ఆటంకాలు పెంచడమంటే పేదవాడికే కీడు చేయడమని ఈ పక్షం అంటుంది. సోలార్, పవన ప్రాజెక్టులకు మన దేశంలో ముందస్తు పర్యావరణ అనుమతి అక్కర్లేదన్న విధానానికి వెనకున్న తర్కం ఇదే. ఈ వాదాన్ని తేలిగ్గా తోసిపుచ్చలేం. ఆలస్యానికీ మూల్యం ఉంది, అదీ బీదవాళ్లే కడతారు.

*నియమమే న్యాయం.* కంపెనీల మంచితనం మీద ఆధారపడకుండా ముందస్తు పరిశీలనను చట్టం చేయాలని, ఉల్లంఘిస్తే కోర్టుకు వెళ్లే దారి ఉండాలని రెండో వాదం. నియమం అందరికీ ఒకటైతే మంచి కంపెనీ పోటీలో నష్టపోదు. కష్టం ఎక్కడంటే, ఈ చట్టాలు పత్రాలను సృష్టించినంత తేలిగ్గా మార్పును సృష్టించవు. ఆడిట్ సంస్థ వచ్చి గడులు నింపుకుని వెళ్తుంది. భారమంతా సరఫరా గొలుసు చివరనున్న చిన్న సరఫరాదారు మీదికి జారుతుంది.

*సమ్మతే న్యాయం.* ఆదివాసీ ఉద్యమాల నుంచి వచ్చిన మూడో వాదం మూలానికే వెళ్తుంది. ప్రాజెక్టు ఎలా కట్టాలన్నది తర్వాత, అసలు కట్టాలా వద్దా అన్నది ఆ నేల మీది వాళ్లు చెప్పాలి. ముందే, స్వేచ్ఛగా, అన్నీ తెలిసి ఇచ్చే సమ్మతి లేకుండా ఏ కరెంటూ హరితం కాదని ఈ పక్షం అంటుంది. పరివర్తనకు కావాల్సిన ఖనిజాల ప్రాజెక్టులు ఐదు వేలకు పైగా పరిశీలించిన 2022 నాటి ఒక అధ్యయనం వాటిలో 54 శాతం ఆదివాసుల భూముల్లోనో, వాటి పక్కనో ఉన్నాయని తేల్చింది. సమ్మతి ప్రశ్న అంచుల్లోది కాదని ఆ అంకె చెబుతోంది. అయితే ఊరి తరఫున మాట్లాడేది ఎవరు, ఊళ్లో భిన్నాభిప్రాయం ఉంటే ఏం చేయాలి అన్నవి ఈ వాదం ఎదుర్కోవాల్సిన ప్రశ్నలు.

*వాటాయే న్యాయం.* పరిహారం ఒకసారి వచ్చి పోతుంది, వాటా నిలుస్తుందని నాలుగో వాదం. కెనడా ఒంటారియోలో 300 మెగావాట్ల హెన్వీ ఇన్‌లెట్ పవన విద్యుత్ కేంద్రంలో సగం వాటాతో ఆ నేల మీది ఆదివాసీ జాతి భాగస్వామి అయింది. డెన్మార్క్ 2008 నాటి చట్టంతో కొత్త పవన ప్రాజెక్టుల్లో 20 శాతం వాటాలను చుట్టుపక్కల వాళ్లకు అమ్మజూపాలని నిబంధన పెట్టింది, తర్వాత దాన్ని ఎత్తేసింది. మనకు దగ్గరి ఉదాహరణ 1997 నాటి సమతా తీర్పు. విశాఖ మన్యంలోని మైనింగ్ లీజుల కేసులో సుప్రీంకోర్టు షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ఆదివాసేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజులు చెల్లవంది. అక్కడ పనిచేసే సంస్థల నికర లాభంలో కనీసం 20 శాతాన్ని స్థానికుల అభివృద్ధికి శాశ్వత నిధిగా పక్కన పెట్టాలనీ సూచించింది.

పోల్చి చూస్తే

నాలుగు వాదాలనూ పక్కపక్కన పెడితే తేడాలు ఇలా కనిపిస్తాయి.

- వేగం: హక్కుదారు భవిష్యత్ తరం. కంపెనీ చేయాల్సింది త్వరగా, చౌకగా కట్టడం. బలం: సంక్షోభం తీవ్రతను గుర్తించడం. లోపం: నేడు నష్టపోయేవారి పేర్లు లెక్కలోకి రావు.
- నియమం: హక్కుదారు సరఫరా గొలుసులోని ప్రతి మనిషీ. కంపెనీ చేయాల్సింది వెతకడం, ఆపడం, వెల్లడించడం. బలం: కోర్టు తలుపు తెరుచుకుంటుంది. లోపం: ఫిర్యాదు చేయగల స్తోమత ఉన్నవాడికే అది అందుతుంది.
- సమ్మతి: హక్కుదారు నేల మీది సమూహం. కంపెనీ చేయాల్సింది అడగడం, కాదంటే ఆగడం. బలం: నిర్ణయానికి ముందే పనిచేస్తుంది. లోపం: సమూహంలోని బలహీనుడి గొంతు వినబడకపోవచ్చు.
- వాటా: హక్కుదారు స్థానిక భాగస్వామి. కంపెనీ చేయాల్సింది లాభం పంచడం. బలం: పాతికేళ్లపాటు నిలిచే ఆదాయం. లోపం: వాటా ఎవరికన్న జాబితా మళ్లీ భూమి రికార్డు మీదే ఆధారపడుతుంది.

నాలుగింటిలోనూ ఒక పోలిక ఉంది. ఎవరు లెక్కలోకి వస్తారన్నది ఏదో ఒక కాగితమే తేలుస్తోంది. దీన్ని నేల మీద చూడాలి.

దగ్గరగా చూస్తే: పావగడ నుంచి నంబులపూలకుంట దాకా

కర్ణాటకలోని పావగడ తాలూకా దాదాపు చుట్టూ ఆంధ్ర సరిహద్దే. తెలుగు మాట్లాడే కుటుంబాలు అక్కడ ఎక్కువ. వేరుశనగ పండించే ఈ కరువు నేలలో తిరుమణి, వళ్లూరు, బాలసముద్రం తదితర ఐదు ఊళ్లలోని సుమారు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు వచ్చింది. ఇక్కడ భూమిని కొనలేదు, సేకరించలేదు, కౌలుకు తీసుకున్నారు. మొదట ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్లకోసారి ఐదు శాతం పెంపు. భూమి రైతు పేరునే ఉంటుంది. వానల్లేక అప్పులపాలయ్యే పది ఎకరాల రైతుకు ఏటా రెండు లక్షల పైచిలుకు ఖాయమైన రాబడి వచ్చింది. దేశంలోని సోలార్ పార్కుల్లో దీన్ని మంచి నమూనాగా చెప్పడానికి కారణం ఇదే. ఆ పేరు రావడం న్యాయమే.

అదే ఒప్పందాన్ని కూలి మనిషి వైపు నుంచి చదివితే వేరుగా ఉంటుంది. పహాణీలో, అంటే భూమి రికార్డులో, పేరున్నవాడికే కౌలు డబ్బు. ఆ చేలో కలుపు తీసి, కాయ కోసి బతికిన ఆడవాళ్లకు పనిదినాలు పోయాయి. గొర్రెలు, పశువులు మేసిన బీళ్లు కంచె లోపలికి వెళ్లాయి. ప్యానెళ్లు కడగడం, గడ్డి కోయడం, కాపలా వంటి పనులు కొందరికి కాంట్రాక్టర్ల కింద దొరికాయి. ఒకే ఊళ్లో ఒకే ప్రాజెక్టు, భూమి ఉన్నవాడికి భద్రతను, లేనివాడికి వలసను తెచ్చింది.

చట్టంలో ఇందుకు జవాబు లేకపోలేదు. 2013 భూసేకరణ చట్టం ‘బాధిత కుటుంబం’ నిర్వచనంలో మూడేళ్లుగా ఆ భూమి మీద ఆధారపడిన వ్యవసాయ కూలీలను, కౌలుదారులను, చేతివృత్తులవారిని చేర్చింది. కానీ భూమిని సేకరించకుండా కౌలుకు తీసుకుంటే ఆ చట్టం గడప దాటి రాదు. రైతుకు మేలు చేసిన పద్ధతే కూలీకి ఉన్న ఒక్క రక్షణనూ తప్పించింది. అదే చట్టంలో ప్రైవేటు కంపెనీకి 80 శాతం మంది సమ్మతి కావాలన్న నిబంధన ఉంది. ఆ లెక్క కట్టేటప్పుడు మాత్రం భూమి యజమానులను, అసైన్డ్ పట్టాదారులనే చూస్తారు. పునరావాసంలో కనబడే కూలీ సమ్మతిలో కనబడడు.

సరిహద్దుకు ఇవతల అనంతపురం ప్రాంతంలోని నంబులపూలకుంటలో చిక్కు ఇంకో రకం. అక్కడ 2016 నుంచి ఎన్టీపీసీ సోలార్ విద్యుత్ ఉత్పత్తి మొదలైంది. రాయలసీమలో ఇలాంటి నేలల్లో చాలా భాగం రికార్డుల్లో ప్రభుత్వ భూమి. వాస్తవంలో దాన్ని ప్రభుత్వం అసైన్ చేసిన డీకేటీ పట్టాదారులు, ఏ పట్టా లేకుండా తరాలుగా దున్నుకుంటున్న శివాయి జమా సాగుదార్లు అనుభవిస్తుంటారు. అసైన్డ్ భూమికీ పట్టా భూమితో సమానంగా పరిహారం ఇవ్వాలని 2004లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. పట్టాయే లేని సాగుదారుకు ఆ తీర్పు అక్కరకు రాదు. కౌలు రైతు సంగతి మరీ అన్యాయం: ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కింద సాగు హక్కు కార్డు కావాలంటే భూమి యజమాని సంతకం పెట్టాలి.

ఈ అనుభవం హరిత విద్యుత్తుతో మొదలైంది కాదు. శ్రీకాకుళం జిల్లాలో 2010లో సోంపేటలో, 2011లో కాకరాపల్లిలో థర్మల్ ప్లాంట్లను ఎదిరించిన రైతులు, మత్స్యకారుల మీద పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. రికార్డులో పనికిరాని నేలగా ఉన్న బీల భూములు అక్కడి వాళ్లకు చేపలు, నీళ్లు, మేత. నేడు అల్లూరి జిల్లా మన్యంలో నీటిని పైకి తోడి కరెంటును నిల్వచేసే పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టుల ప్రతిపాదనలకు ఆదివాసులు అడ్డుచెప్పడం వెనక ఆ జ్ఞాపకమూ, గ్రామసభను అడగలేదన్న ఆవేదనా ఉన్నాయి. 2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రకటించిన సమగ్ర స్వచ్ఛ ఇంధన విధానం పది లక్షల కోట్ల పెట్టుబడులు, ఏడున్నర లక్షల ఉద్యోగాలు లక్ష్యంగా పెట్టుకుంది. అంత పెద్ద ఎత్తున భూమి చేతులు మారబోతున్నప్పుడు ఈ ప్రశ్న ఇప్పుడే తేలాలి.

మూతపడే వైపు: సింగరేణి పాఠం

నాణేనికి రెండో వైపు తెలంగాణ బొగ్గు బెల్టు. 1990ల మొదట్లో లక్షకు పైగా ఉన్న సింగరేణి పర్మనెంటు కార్మికులు ఇప్పుడు నలభై వేల దగ్గరికి దిగారు. ఈ తగ్గుదలకు సోలార్ కారణం కాదు. అండర్‌గ్రౌండ్ గనులు మూసి, యంత్రాలతో ఓపెన్ కాస్టులు తవ్వడం కారణం. బెల్లంపల్లి వంటి ఊళ్లు గనులతోపాటే వెలవెలబోయాయి. అంటే న్యాయం లేని పరివర్తన ఎలా ఉంటుందో బొగ్గు బెల్టు ముందే చూసేసింది.

ఇక్కడా కాగితమే గీత గీస్తోంది. 2024 సెప్టెంబరులో సింగరేణి లాభాల్లో వాటా ప్రకటించినప్పుడు పర్మనెంటు కార్మికుడికి సగటున 1.90 లక్షల రూపాయలు, సుమారు 25,000 మంది కాంట్రాక్టు కార్మికులకు తలా 5,000 రూపాయలు దక్కాయి. కాంట్రాక్టు కార్మికులకు ఆ మాత్రమైనా ఇవ్వడం అదే మొదటిసారి. గని మూతపడితే పర్మనెంటు కార్మికుడికి వేరే గనికి బదిలీ ఉంటుంది, కారుణ్య నియామకం ఉంటుంది, పెన్షన్ ఉంటుంది. బొగ్గు పైనున్న ఓబీ మట్టి ఎత్తే కాంట్రాక్టు డ్రైవరుకు టెండరు ముగిసిన రోజే ఉద్యోగమూ ముగుస్తుంది. గని దగ్గర టీ బంకు పెట్టుకున్నామె ఏ జాబితాలోనూ ఉండదు.

బయటి అనుభవమూ ఇదే చెబుతోంది. బొగ్గు నుంచి మళ్లడానికి దక్షిణాఫ్రికాకు 2021లో ధనిక దేశాలు 850 కోట్ల డాలర్ల సాయం ప్రకటించాయి. 2022 అక్టోబరులో కొమాటి థర్మల్ కేంద్రం మూతపడ్డాక అక్కడ పర్మనెంటు సిబ్బందికి బదిలీలు దొరికాయి గానీ, కాంట్రాక్టు పనివాళ్లు, చుట్టుపక్కల చిరువ్యాపారులు దెబ్బతిన్నారు. కొత్త ఉపాధి సిద్ధం కాకముందే పాతది ఆపేశారన్న విమర్శ ఆ దేశంలో బలంగా వచ్చింది. బొగ్గును 2038 నాటికి మానేయాలని 2020లో చట్టం చేసిన జర్మనీ, ఆ ప్రాంతాలకు 4,000 కోట్ల యూరోలు కేటాయించింది. ఆ స్థాయి డబ్బు, గట్టి కార్మిక సంఘాలు, సామాజిక భద్రత ఉన్నచోట పనిచేసిన పద్ధతిని ఎక్కువమంది అసంఘటితంగా ఉన్న మన బొగ్గు జిల్లాలకు ఉన్నదున్నట్టు దించుకోలేం.

కంటికి కనబడని దూరం: ఖనిజాలు, ప్యానెళ్లు

ప్రపంచంలో తవ్వే కోబాల్టులో 70 శాతానికి పైగా కాంగో ప్రజాస్వామ్య గణతంత్రానిది. అక్కడి చేతితవ్వకాల గనుల్లో బాలకార్మికుల గురించి మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ 2016లో నివేదిక ఇచ్చింది. బాధిత కుటుంబాల తరఫున 2019లో ఆపిల్, టెస్లా తదితర ఐదు కంపెనీలపై అమెరికాలో వేసిన కేసును 2024లో అప్పీలు కోర్టు కొట్టేసింది. అంతర్జాతీయ మార్కెట్లో కోబాల్టు కొన్నంత మాత్రాన ఆ దోపిడిలో భాగస్వాములు కారని కోర్టు భావించింది. కొనుగోలుదారు బాధ్యత ఎక్కడిదాకా అన్న ప్రశ్నకు అక్కడి న్యాయస్థానం ఇచ్చిన జవాబు అది.

సోలార్ ప్యానెళ్ల విషయంలో చిక్కు రాజకీయంగా ఇంకా జటిలం. 2020 ప్రాంతంలో ప్రపంచ పాలీసిలికాన్‌లో దాదాపు 45 శాతం చైనాలోని షిన్‌జియాంగ్ నుంచి వచ్చేదని పరిశోధకులు అంచనా వేశారు. అక్కడ ఉయిఘుర్లతో బలవంతపు చాకిరీ చేయిస్తున్నారన్న ఆరోపణలను చైనా ఖండిస్తోంది. అమెరికా 2022 జూన్ నుంచి ఆ ప్రాంతపు సరుకును, బలవంతపు శ్రమ లేదని దిగుమతిదారు రుజువు చేస్తే తప్ప, రానివ్వడం లేదు. రుజువు చేసే భారాన్ని కంపెనీ మీద పెట్టడం ఇందులోని కొత్తదనం. ఒక దేశం కాదన్న సరుకు మరో దేశానికి మళ్లే ప్రమాదం ఇందులోని బలహీనత. మన దేశంలో సోలార్ ప్యానెళ్ల ఆమోదిత మోడళ్ల జాబితా దేశీయ తయారీని, నాణ్యతను చూస్తుంది. ప్యానెల్ వెనకున్న శ్రమ ఎలాంటిదన్న ప్రశ్న అందులోకి ఇంకా రాలేదు.

కోర్టులు ఎంతవరకు తేల్చాయి

నార్వేలోని ఫోసెన్‌లో 151 గాలిమరలకు ఇచ్చిన అనుమతులు సామీ ఆదివాసుల రెయిన్‌డీర్ పెంపకపు సంస్కృతిని భంగపరిచాయని, అవి చెల్లవని 2021 అక్టోబరులో ఆ దేశ సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తీర్పిచ్చింది. తీర్పు నాటికి గాలిమరలు తిరుగుతూనే ఉన్నాయి, ఇప్పటికీ తిరుగుతున్నాయి. చివరికి 2023 డిసెంబరు, 2024 మార్చిలలో రాజీలు కుదిరాయి. కెన్యాలో 310 మెగావాట్ల లేక్ తుర్కానా పవన కేంద్రం కోసం లక్షన్నర ఎకరాలకు ఇచ్చిన పట్టాలు సక్రమం కాదని 2021 అక్టోబరులోనే అక్కడి కోర్టు తేల్చింది. అప్పటికి కేంద్రం నడుస్తూనే ఉంది. ఈ రెండు కేసుల నుంచి ఒక పాఠం స్పష్టం: కట్టాక గెలిచిన హక్కు సగం హక్కే.

ఇంకోవైపు, హక్కుల భాష పరివర్తనను వేగిరపరచడానికీ పనికొస్తోంది. బట్టమేక పక్షి రక్షణకు రాజస్థాన్, గుజరాత్‌లలో విద్యుత్ లైన్లను భూగర్భంలో వేయాలన్న కేసులో మన సుప్రీంకోర్టు 2024 మార్చిలో తన పాత ఆదేశాన్ని సడలించింది. వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి విముక్తి రాజ్యాంగంలోని 14, 21 అధికరణాల కింద హక్కేనని అదే తీర్పులో గుర్తించింది. నెదర్లాండ్స్‌లో షెల్ కంపెనీ కేసులో 2024 నవంబరులో అప్పీలు కోర్టు ఉద్గారాల కోత శాతాన్ని నిర్దేశించడానికి నిరాకరించినా, వాతావరణ మార్పు నుంచి మనుషులను కాపాడే బాధ్యత కంపెనీకి ఉందని అంగీకరించింది. 2025 జులైలో అంతర్జాతీయ న్యాయస్థానం ప్రైవేటు సంస్థలను కట్టడి చేయడం ప్రభుత్వాల విధి అని అభిప్రాయం చెప్పింది. హక్కు ఉందన్నది తేలింది. రెండు హక్కులు ఎదురుపడితే ఎవరిది ముందన్నది తేలలేదు.

తేలని ప్రశ్నలు

మొదటిది ధర. 2017లో రాజస్థాన్‌లోని భడ్లాలో సోలార్ యూనిట్ 2.44 రూపాయలకు దిగింది. తక్కువకు పాడినవాడికే టెండరు దక్కే పద్ధతిలో కూలీల పునరావాసానికి డబ్బు పెట్టిన కంపెనీ ఓడిపోతుంది. ఆ ఖర్చును టెండరు నిబంధనల్లోనే అందరికీ సమానంగా చేర్చకపోతే కంపెనీ బాధ్యత ఉపన్యాసంగా మిగులుతుంది. అలా చేరిస్తే కరెంటు ధర ఎంత పెరుగుతుంది, అది ఎవరు భరించాలన్నది నిజాయితీగా తేల్చుకోవాల్సిన లెక్క.

రెండోది నిధి. బొగ్గు తవ్వే జిల్లాకు 2015 సవరణతో జిల్లా ఖనిజ నిధి ఉంది. జలవిద్యుత్ ప్రాజెక్టుల నుంచి స్థానిక అభివృద్ధికి ఒక శాతం ఉచిత కరెంటు కేటాయించాలని 2008 జాతీయ విధానం చెప్పింది. సోలార్ పార్కులకు అలాంటి చట్టబద్ధమైన నిధి లేదు. పాతికేళ్లు ఎండను అమ్ముకునే నేలకు ఎందుకు ఉండకూడదన్న ప్రశ్నకు సరైన జవాబు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

మూడోది ప్రభుత్వ పాత్ర. భూమి ఇచ్చేదీ, కరెంటు కొనేదీ, ఎన్టీపీసీ, సింగరేణి వంటి సంస్థల్లో యజమానీ ప్రభుత్వమే. కాపాడేవాడూ కట్టేవాడూ ఒకరే అయినప్పుడు ఫిర్యాదు ఎవరికి చేయాలి? ప్రభుత్వ కంపెనీల విషయంలో ప్రభుత్వం అదనపు చర్యలు తీసుకోవాలని ఐరాస సూత్రాలు అంటాయి. దాన్ని అమలు చేసే స్వతంత్ర యంత్రాంగం మనకు లేదు.

నాలుగోది ముగింపు బాధ్యత. గని మూసేటప్పుడు గోతులు పూడ్చే నిబంధన ఉంది, మనుషుల సంగతి చూసే నిబంధన బలహీనం. పాతికేళ్ల తర్వాత ప్యానెళ్లు తీసేసి భూమిని దున్నడానికి పనికొచ్చేలా అప్పగించే పూచీ, మధ్యలో కంపెనీ చేతులు మారితే, ఎవరిది?

ఎటు మొగ్గాలి

నాలుగు వాదాల్లో ఏ ఒక్కటీ ఒంటరిగా సరిపోదు. వేగవాదం తొందర ఎందుకో చెబుతుంది, సమ్మతివాదం ఎక్కడ ఆగాలో చెబుతుంది, నియమం ఎదురు తిరిగే అవకాశం ఇస్తుంది, వాటా ఆ అవకాశాన్ని ఆదాయంగా మారుస్తుంది. ఇవి కలిసి పనిచేయాలంటే క్రమం ముఖ్యం. హక్కుల పరిశీలన టెండరు పిలవకముందే జరగాలి. ఎందుకంటే స్థలమూ ధరా ఖాయమయ్యాక కంపెనీ ఎంత మంచిదైనా మార్చగలిగింది తక్కువ. ఆ పరిశీలన భూమి రికార్డుతో కాక ఇంటింటి సర్వేతో మొదలవ్వాలి. కౌలుదారు, కూలీ, గొర్రెలకాపరి, కాంట్రాక్టు కార్మికుడు గ్రామసభ ముందు పేరుపేరునా నమోదు కావాలి. ఆ జాబితాలోని వారికి పునరావాసం, యూనిట్‌కు ఇంత అని లెక్కగట్టిన స్థానిక నిధిలో వాటా టెండరు నిబంధనలుగా ఉండాలి. షెడ్యూల్డ్ ప్రాంతంలో గ్రామసభ కాదంటే ప్రాజెక్టు మరో చోటు వెతుక్కోవాలి.

ఇందువల్ల ఆలస్యమవుతుందన్న అభ్యంతరం నిజమే, కొన్ని నెలలు పడుతుంది. సోంపేట, ఫోసెన్, తుర్కానాల్లో వివాదాలు మింగిన ఏళ్లతో పోలిస్తే ఆ నెలలు తక్కువ ఖర్చు. ప్రజలు తమదనుకోని పరివర్తన ప్రభుత్వాలు మారినప్పుడల్లా ఆగిపోతుంది. కంపెనీ బాధ్యతను కొలిచే నివేదికలు ఎన్ని పేజీలున్నా, వాటిలో చూడాల్సిన లెక్క ఒకటే: ప్రాజెక్టు వచ్చిన ఐదేళ్లకు ఆ ఊళ్లో పట్టా లేని కుటుంబం రాబడి పెరిగిందా, తగ్గిందా? ఆ అంకెను ఏటా వెల్లడించడం ప్రతి కంపెనీకీ తప్పనిసరి చేయాలి. అది తగ్గుతున్నచోట సరిదిద్దే వరకు కొత్త టెండరు ఇవ్వకూడదు. న్యాయమైన పరివర్తన అన్న మాటకు మన నేల మీద అర్థం రావాలంటే మొదలుపెట్టాల్సింది ఇక్కడే.